పాత రేకు – కొత్త రేకు

ఆత్మకూరునుంచి మా బావగారు ఫోను చేశారు. "కుడి మడ్‌గార్డు పోయిందయ్యా!" అన్నారు, ఎవరో దగ్గిర బంధువు పోయినప్పటి గొంతుతో. మనుషులందరూ క్షేమమేనని తేల్చుకున్నాక, మడ్‌గార్డు పోవడమేమిటని అడిగాను. మా మేనల్లుడు దాన్ని పాతసామాన్లవాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చేశాడట. అక్క ఫోను అందుకుని, "ఆయన రాత్రి అన్నం తినలేదురా, వాడూ తినలేదు. నువ్వొకసారి వచ్చిపో" అన్నది.

వెళ్ళాను. వెళ్ళకపోతే ఈవారం ఈ పేజీలో మరేదో రాసి వుందును.

సంగతి ఇది. బావగారి నాయనగారిది 1964 నాటి అంబాసిడరు, మార్క్ 2. ఉదయగిరి దగ్గిర వాళ్ళ పల్లెలో పెద్దాయన పోయిన తరువాత ఇరవై ఏళ్ళకు పైగా పశువుల కొట్టం చివర పడివుంది. మెట్టప్రాంతపు పొడి గాలి ఇనుముకు మేలే చేస్తుంది. అదే బండి సముద్రం దగ్గిర కావలిలోనో కృష్ణపట్నంలోనో వుంటే ఉప్పుగాలికి ఈపాటికి జల్లెడై వుండేది. పైభాగమంతా ఆశ్చర్యమనిపించేటంత బాగుంది. కాని గాలి ఎంత పొడిగా వున్నా కొట్టంలో పేడా మూత్రమూ వుంటాయి గదా! నేలకు దగ్గిరగా వున్న రేకంతా తుప్పు తినేసింది. చక్రాలు ఏనాడో విసిరిన బురద మడ్‌గార్డు వెనకమూల చేరి, తీసేవాళ్ళు లేక, అక్కడే చెమ్మను పట్టుకుని కూర్చున్నది. ఏ పాత బండికైనా మొదట పోయేది ఆ మూలే.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడికి తాతగారి బండిని బాగుచేయించాలని బుద్ధి పుట్టింది. మంచిదే. బండిని లారీమీద ఆత్మకూరు తెప్పించి ఒక టింకరు మేస్త్రీ షెడ్డులో పెట్టించాడు. ఫోనులో బొమ్మ చూసి, దూరపు పట్నంలో ఒక దుకాణంనుంచి ముందువైపు మడ్‌గార్డులు రెండూ కొత్తవి తెప్పించాడు. నల్ల ప్రైమరు పూసుకుని, ఒక గీతయినా లేకుండా నిగనిగలాడుతూ వచ్చాయి. అవి వచ్చిన సాయంత్రమే పాతసామాన్ల బండి వీధిలో అరుచుకుంటూ పోతోంది. ఊడదీసిన పాత కుడి మడ్‌గార్డు గోడకు ఆనించి వుంది, కిందంతా చిల్లులు. ఇక దీనితో ఏం పని అనుకున్నాడు కుర్రవాడు.

మర్నాడు కొత్తదాన్ని బిగించబోతే ఆరు బోల్టుల్లో రెండే ఎక్కాయి. మిగతా నాలుగు చిల్లులూ అరంగుళం ఆ పక్కకో ఈ పక్కకో వున్నాయి. వాటిని బలవంతాన లాగి బిగిస్తే దీపం చుట్టూ వుండే వలయం కూర్చోదు. దాన్ని కూర్చోబెడితే మడ్‌గార్డు మీద పొడుగునా పోయే గీత తలుపుమీది గీతతో కలవదు; ఒక వేలి మందాన కిందికి దిగింది. పోనీ, పాతదాన్ని చూసి కొలతలు తీసుకుందామంటే పాతది లేదు. మేనల్లుడు పాతసామాన్ల కొట్లు రెండు తిరిగి వచ్చాడు. వెళ్ళేసరికే అది నలిగి, మూటగట్టి, లారీ ఎక్కి వెళ్ళిపోయిందట.

నేను షెడ్డుకు వెళ్ళేసరికి మేస్త్రీ ఎడమ మడ్‌గార్డు ఇంకా వూడదీయలేదు. "పెద్దాయన చెప్పిందాకా దీని జోలికి పోను సామీ" అన్నాడు నాతో. బావగారు స్టూలు మీద కూర్చుని అటే చూస్తున్నారు. ఆ ఎడమదానికి ఒక కథ వుంది, తరువాత చెబుతాను.

కొత్త రేకు ఎందుకు కలవదు? ఇది అడిగితే మేస్త్రీ చేతిలో పని ఆపేసి గంటసేపు చెప్పాడు. అటువంటి మనిషి దొరకడం అదృష్టం.

కంపెనీలో మడ్‌గార్డును ఎవరూ సుత్తితో కొట్టి చేయరు. ఒకదానిలో ఒకటి ఇమిడే పెద్ద ఉక్కు అచ్చులు రెండుంటాయి. మధ్య చదును రేకు పెట్టి, వందల టన్నుల బలంతో నొక్కితే రేకు సాగి ఆ రూపు పడుతుంది. నొక్కుడు తీయగానే అది రవ్వంత వెనక్కి లేస్తుంది. ఎంత లేస్తుందో ముందే లెక్క కట్టి, అంతమేరకు అచ్చును ఎక్కువ వంపుతో చెక్కుతారు. సాగినచోట రేకు గట్టిపడుతుంది కూడా. అందుకనే పాత మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించి నొక్కినా తొణకదు. ఆపైన బండి కూర్చేటప్పుడు పనివాడు ఆ రేకును ఆ బండికే సరిచేస్తాడు. ఒకచోట వాషరు ఎక్కువ వేస్తాడు, ఒకచోట చిల్లు కొంచెం సాగదీస్తాడు. ఒకే రోజున తయారైన రెండు బండ్ల మడ్‌గార్డులు మార్చిచూస్తే అవి కూడా అచ్చంగా కలవకపోవచ్చు. బయట గుడ్డ ఒకటే అయినా దర్జీ కొలత వేరు మరి!

మారుబోణీగా వచ్చే రేకుకు ఈ భోగాలేవీ లేవు. అది పుట్టేది పాత బండిమీదినుంచి తీసిన నమూనాతో. ఆ పాతది అప్పటికే రెండుసార్లు దెబ్బతిని, మూడుసార్లు పుట్టీ పూసుకున్నది అయివుండవచ్చు. దాని వంకరలన్నీ సంతానానికి దిగుతాయి. వంపులు తీర్చేది చిన్న అచ్చులతోనో, కొయ్యదిమ్మె మీద చేత్తోనో. కాబట్టి అంచుల్లో పదును వుండదు, మెత్తగా గుండ్రంగా పోతాయి. రేకు మందం సంగతి చెప్పనక్కర లేదు. 20 గేజి అంటే సుమారు 0.9 మిల్లీమీటరు, 22 గేజి అంటే 0.7. అంకె పెరిగినకొద్దీ రేకు పలచబడుతుంది. ఆ రెండు అంకెల తేడాలో చాలా డబ్బు మిగులుతుంది, కొన్నవాడికి కాదు.

ఇంతవరకూ విని బావగారు మేనల్లుడివంక గర్వంగా చూశారు. మేస్త్రీ అక్కడితో ఆపలేదు. "కొత్త రేకుదే తప్పని నేనన్లా సామీ" అంటూ ఒక దారపు వుండ తీశాడు. ముందు అద్దం మూలనుంచి ఎదుటి చక్రం దగ్గిర బోల్టుకు ఐమూలగా దారం పట్టి ముడివేశాడు. అదే దారాన్ని రెండో ఐమూల పట్టి చూపించాడు. ముడి పావంగుళం తప్పింది. అంటే బండి కుడివైపు కుంగింది.

అంబాసిడరుకు లారీకి వున్నట్లు కింద వేరే చాసీ వుండదు. నేలరేకు, తలుపుల కింద నిలువునా పోయే సిల్లు అనే పెట్టె, స్తంభాలు, పైకప్పు – ఇవన్నీ ఒకదానికొకటి అతుక్కుని అవే అస్థిపంజరం. కుడి సిల్లు లోపలినుంచి తుప్పుపట్టి పొడి అయిపోయింది. దానితో బండి నడుము వంగింది, తలుపు దిగింది. దిగిన తలుపుకు మడ్‌గార్డు గీత కలవలేదని మనం కొత్త రేకును తిడుతున్నాం. కుర్రవాడి కొత్త రేకు నేరం వున్నది నిజమే కాని, అంతా దానిది కాదన్నమాట. ఈ మాటతో మేనల్లుడు ఆ పూట అన్నం తిన్నాడు.

ఇక్కడ బావగారితో నాకు పేచీ వచ్చింది. సిల్లు కూడా పాతదే వుంచి, చిల్లులకు మాట్లు వేయించాలని ఆయన పట్టు. "నాయన తొక్కి ఎక్కిన రేకయ్యా అది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కంటికి కనబడే రేకు విషయంలో ఎంత మమకారమైనా చూపవచ్చు; లోపల మనుషులను మోసే రేకు విషయంలో చూపరాదు. దెబ్బ తగిలితే అడ్డుపడేది అదే. సిల్లు మాత్రం మంచి మందపు రేకుతో కొత్తగా వంచి వేయాలని మేస్త్రీ కూడా అన్నాడు. అక్క లోపలినుంచి, "ఎవరు కూర్చోవాలి అందులో? మీరూ నేనూనా, రేకూనా?" అని అడిగేసరికి ఆయన తగ్గారు.

ఆ పని చేసిన పద్ధతి ఇతర బండ్లవాళ్ళకు పనికివస్తుందని చెబుతున్నాను. బండిని జాకీమీద ఎత్తి సిల్లు కోయకూడదు. ఎత్తిన భంగిమలోనే బండి అతుక్కుపోతుంది. చదును నేలమీద, బరువు ఎలా పడాలో అలా పడేటట్టు నిలబెట్టి, కుంగినంత మేర కిందినుంచి ఆనించి సరిచేసి, తలుపు గుమ్మానికి అడ్డంగా ఇనుపకమ్మీలు తాత్కాలికంగా అతికించాడు. ఐమూలలు రెండూ సమమయిన తరువాతే పాత సిల్లు కోశాడు. అదికూడా ఒక్కసారిగా కాదు, జానెడు కోసి జానెడు అతుకుతూ. ఆపైన తలుపులు తగిలించి, మూసి, తెరిచి, మూసి చూశాడు. మడ్‌గార్డు వంతు అన్నిటికంటె చివర. మనవాళ్ళు చేసిన పొరపాటు చివరిదాన్ని మొదట పెట్టుకోవడం. అంతకంటె పెద్దది, కొత్తది కూర్చోకముందే పాతదాన్ని పంపివేయడం. చిల్లులుపడ్డ పాత రేకు కూడా కొలతబద్ద. పని పూర్తయి, రంగు ఆరి, బండి నెల్లాళ్ళు తిరిగేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

ఎడమదాన్ని కాపాడాలని అందరం నిశ్చయించుకున్నాం. కింద జానెడు మేర పోయిన భాగాన్ని కోసివేసి, అంతవరకే కొత్త ముక్క చేసి అతకాలి. ఆ ముక్కకు రెండువైపులకూ తిరిగే వంపు వుంది. అది ఇసుకసంచి మీద రాదు. గట్టి కొయ్యదిమ్మె కావాలి. "ఉదయగిరిలో చెక్కిస్తే బో బాగొస్తది" అన్నాడు మేస్త్రీ. మరి ఉదయగిరి కొయ్య చెంచాలకు పేరుపొందిన వూరు, భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పనితనం! ఎడమ మడ్‌గార్డు వంపుకు అట్ట కత్తిరించి పట్టుకుని నేనూ మేనల్లుడూ వెళ్ళాం. చెంచాలు చెక్కే ఒక పెద్దాయన అట్టను చూసి, "ఇది ఏ గరిటెకు నాయనా?" అని అడిగాడు. అంబాసిడరుకని చెబితే నవ్వి, పూటలో దిమ్మె చెక్కి ఇచ్చాడు. దానిమీద చెయ్యి పెడితే గాటన్నది తగలదు.

అతను చెక్కుతున్నంతసేపూ మేము బయట కూర్చుని దుర్గంవంక చూస్తున్నాం. ఈ కొండకోటను 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుంచి గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణమూర్తిని విజయనగరం తీసుకుపోయి, దానికోసం పెద్ద గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ మూర్తి ఇప్పుడు చెన్నపట్నం మ్యూజియంలో వుంది. పుట్టిన చోటు ఉదయగిరి, గుడి హంపీలో, దేవుడు చెన్నపట్నంలో. "మరి ఒరిజినల్ ఏది మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. వాడు వేళాకోళానికే అన్నాడు, కాని తిరుగుప్రయాణమంతా నాకు అదే మాట మెదిలింది.

ఎందుకంటే బజారులో ఆ మాటకు మూడు అర్థాలున్నాయి. వేరొక పాత బండినుంచి వూడదీసింది ఒకటి. కంపెనీలోనే తయారై, అమ్ముడుపోక ఎక్కడో అటకమీద మిగిలిపోయింది రెండవది. మూడవది, పాతదాన్ని చూసి ఈమధ్య చేసింది. మూడింటినీ "ఒరిజినలే సార్" అనే అమ్ముతారు. చెన్నపట్నంలో పుదుపేట వంటి పాత సామాన్ల బజార్లలో మొదటి రకం దొరుకుతుంది, ఓపిక కావాలి. కొనేముందు మడతగుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని రేకంతటా జరిపి చూడాలి. ఎక్కడ పట్టు సడలిందో అక్కడ రంగు కింద పుట్టీ వున్నదని గుర్తు.

రెండవ రకమంటే కూడా కళ్ళు మూసుకుని నమ్మడానికి లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు బండిని మూలంగా తీసుకుని, హిందుస్థాన్ మోటార్స్‌వారు కలకత్తా దగ్గిర ఉత్తరపారాలో అంబాసిడరును 1950ల చివరనుంచి 2014 మే దాకా తయారుచేశారు. ముందు ముఖం మార్కు మార్కుకూ మారింది. ఏళ్ళతరబడి నొక్కి నొక్కి ఏ అచ్చయినా అరుగుతుంది. కంపెనీ చీటీ వున్నంతమాత్రాన 1964 నాటి అంచు పదును చివరి కాలపు రేకులో వుంటుందని చెప్పలేం. ఇప్పుడిక తయారీ లేదు. అంబాసిడరన్న పేరును సైతం 2017లో ఫ్రాన్సుకు చెందిన పెజో కంపెనీవారు 80 కోట్లకు కొనుక్కున్నారు.

ఇంగ్లండులో మరో దారి పట్టారు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అని 1975లో ఒక సంస్థ పెట్టి, పాత కంపెనీ అచ్చులనే వెతికి తెచ్చి, వాటితోనే రేకులు నొక్కడం సాగించారు. 1988లో ఎమ్.జి.బి. కారుకు ఆ అచ్చులతోనే మొత్తం బాడీని కొత్తగా తయారుచేశారు. అచ్చు పాతది, రేకు కొత్తది. దాన్ని నకలు అనాలా, అసలు అనాలా? అక్కడివాళ్ళు కూడా ఇంకా వాదించుకుంటూనే వున్నారు. మన అంబాసిడరుకు అటువంటి పని ఎవరైనా పెట్టుకుంటే ఎంత బాగుండును!

ఈ ప్రశ్న వట్టి వేడుక కాదు. 2021లో కేంద్రప్రభుత్వం పాత వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. రిజిస్టరై 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే వుండి, చాసీలోగాని బాడీషెల్‌లోగాని ఇంజనులోగాని భారీ మార్పులు జరగని బండిని "వింటేజి" అంటారు. కొత్తగా రిజిస్టరు చేయిస్తే వి.ఏ. అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. అందుకు రుసుము 20,000 రూపాయలు. ఎన్ని రేకులు మారిస్తే అది భారీ మార్పు అవుతుందో ఆ వాక్యం చెప్పదు. బోల్టులతో బిగించే మడ్‌గార్డుకూ, అతికిన సిల్లుకూ తేడా వుందని నా అభిప్రాయం. తుప్పుపోయినచోట అదే ఆకారంలో అతకడం మార్పు కాదు, మరమ్మతు. అయినా చూసేవారికి చూపించడానికి పనికి ముందూ వెనుకా ఫొటోలు, బిల్లులు, కోసిన ముక్కలు జాగ్రత్తచేయమని మేనల్లుడికి చెప్పాను. వాడు సిల్లు ముక్కలు కూడా గోనెసంచిలో కట్టి పెట్టాడు. ఈసారి పాతసామాన్లవాడి కేక విని అక్కే వీధితలుపు వేసింది.

కుడివైపుకు చివరకు ఆ కొత్త మడ్‌గార్డునే వాడారు. సిల్లు సరయ్యాక గీత సగం తనంతతానే కలిసింది. ఎడమదాన్ని కాగితం మీద పరిచి గీసి, ఆ కాగితాన్ని తిరగవేసి, దాని ప్రకారం మిగతా సగాన్ని మేస్త్రీ కోసి, సాగదీసి, అతికి తెచ్చాడు. నాలుగు చిల్లులు పూడ్చి కొత్తవి తొలిచాడు. కొన్నదానికంటె దాన్ని కూర్చోబెట్టిన కూలి ఎక్కువైంది. రంగు వేయకముందు లోపలివైపు, పైకి కనబడని చోట, ఉలితో సంవత్సరమూ, తన పేరు మొదటి అక్షరమూ కొట్టాడు. నేను చెప్పి చేయించానంటే నిజమే. పాత వాహనాలమీద ట్యూరిన్ చార్టర్ అనే అంతర్జాతీయ ఒడంబడికలో మార్చిన భాగాలకు కనీకనబడకుండా గుర్తు పెట్టాలని వుంది. రేపు ఎవరైనా కొనుక్కున్నా ఏది 1964ది, ఏది కాదో వెతుక్కోనక్కర లేదు. అమ్మే ప్రసక్తే లేదంటారు బావగారు. కాని, మనుషులు శాశ్వతమా?

ఇక ఎడమదాని కథ. దానిమీద దీపానికి వెనకగా అరచేయి పట్టేంత సొట్ట వుంది. బావగారు పుట్టిన పదకొండోరోజున నెల్లూరు ఆస్పత్రినుంచి తల్లినీ బిడ్డనూ ఇంటికి తెస్తూ, పెద్దాయన ఎద్దులబండిని దాటబోతే నొగ తగిలిందట. తరువాత ఎన్నిసార్లు రంగు వేయించినా ఆయన ఆ సొట్ట తీయించలేదు. మేస్త్రీ దాని వెనక చెయ్యి పెట్టి, "రెండు దెబ్బల్లో లేస్తది సామీ, తీసేదా?" అని అడిగాడు. బావగారు తల అడ్డంగా వూపారు. మేనల్లుడు ఏమీ అనలేదు.

బండి ఇంటికి వచ్చిననాడు అత్తగారిని కుర్చీలో తెచ్చి వాకిట్లో కూర్చోబెట్టారు. ఆమెకు చూపు సరిగా ఆనడం లేదు. చేత్తో తడుముతూ ముందు కుడివైపు వెళ్ళి, అక్కడ ఏమీ దొరకక, "ఏమైందిరా?" అన్నారు. అక్క ఆమెను ఇవతలికి తిప్పి తీసుకువచ్చింది. సొట్ట చేతికి తగిలాక ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు.

వింటేజి దరఖాస్తు మాత్రం ఇంకా డాష్‌బోర్డు అరలోనే వుంది. ఆ ముద్ర పడితే బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ తప్ప మామూలుగా రోడ్డుమీద తిప్పడానికి లేదు. వచ్చే నెల నెల్లూరులో పెళ్ళి వుంది; అందరూ ఈ బండిలోనే రావాలని అత్తగారి హుకుం.